రెండు టన్నుల మూత

లేతుమీద నిమిషమునకు రెండుమూడు వేల చుట్లు తిరుగుచున్న రెసిన్ కడ్డీనుండి పొట్టు పట్టుదారమువలె జారి మోచేతిమీద కుప్పపడుచుండగా, గంటసేపటి శ్రమ ఫలించి కలపు ఆకారము తేరి, ఇక మెరుగు పెట్టుటయే తరువాయి యనుకొన్న వేళకు, అంతదాక లోపల పొంచియున్న గాలిబుడగ యొకటి ఉలిమొనకు తగిలి విచ్చుకొని, అందులో మెరుగుపొడి నిండి, నల్లని నునుపుమీద స్ఫోటకపు మచ్చవలె తెల్లగా తేలినపుడు కలుగు నిర్వేదము కలములు చేయువారికి గాని తెలియదు. ఆ మచ్చను పూడ్చుటకు వీలులేదు, దాచుటకు చోటు లేదు. కడ్డీని చెత్తబుట్టలో వేసి, మరల మొదటినుండి పోత పోసికొనవలసినదే.

మా రాజమహేంద్రవరమునకు ఈ బాధ పూర్వము లేదు. 1932లో ఇచ్చట కోసూరి వెంకటరత్నముగారు స్వదేశీ కలముల తయారీకి పూనుకొన్న నాటినుండి, 1935లో ఆ కలమును గూర్చి గాంధీమహాత్ముడు ఉత్తరము వ్రాసిన నాటి మీదుగా, చిరకాలము ఈ ఊరి కలములకు ముడిసరుకు ఎబొనైటు. రబ్బరులో గంధకము దండిగా కలిపి కాచి గట్టిపరచిన పదార్థమది. కడ్డీలు కర్మాగారమునుండి సిద్ధముగా వచ్చును. ఇచ్చటి పనివానికి మిగిలినది తరిమెన నేర్పు మాత్రమే. ఇప్పుడు కాలము మారినది. నీలిరంగులో బంగారుపొడి సుడులు తిరుగుచున్నట్లు, సముద్రపు నురుగు గడ్డకట్టినట్లు కన్పట్టు కడ్డీలను ఎపాక్సీతో, పాలీయూరెథేనుతో తామే ఇంటిలో పోతపోసికొనవలెనను ఉబలాటము యువకులకు కలిగినది. ఏటికొప్పాకలో అంకుడుకర్రమీద లక్క తిరుగుచుండగా రంగులు పుట్టుటను చూచిన కన్నులకు ఈ ముచ్చట కొత్తగా తోచదు. నేను దీనిని తప్పుపట్టను; అరువది యేండ్లు నిండిన పిమ్మట నేనును ఇందులో దిగినవాడనే. నేను అభ్యంతరపెట్టునది ఈ ముచ్చటకు తోడుగా వచ్చిన మరియొక ఉబలాటమును, అనగా అత్యల్పవ్యయముతో ఒత్తిడిపాత్రను, వ్యవహారములో ప్రెషర్ పాట్ అనబడుదానిని, చేతికందిన దేనితోనైనను అమర్చుకొనవలెనను ఉత్సాహమును.

ఈ పాత్ర యెందులకో ముందు చెప్పవలయును. రెసినును, హార్డెనరును కలియబెట్టునపుడు ఎంత మెల్లగా కలిపినను గాలి చొరబడును. చిక్కని ద్రవము గట్టిపడులోపల ఆ బుడగలన్నియు పైకి తేలిపోవుటకు వ్యవధి చాలదు. కనుక అచ్చును గట్టి మూతగల లోహపాత్రలో నుంచి, దానిలోనికి గాలిని ఒత్తి, రెసిన్ గట్టిపడువరకు ఆ ఒత్తిడిని నిలిపియుంచినచో, బుడగలు కంటికానని పరిమాణమునకు ముడుచుకొని, కొంత గాలి ద్రవములోనే కరగిపోవును. వాయువుపై ఒత్తిడి పెరిగినకొలది దాని ఘనపరిమాణము అదే నిష్పత్తిలో తగ్గునని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన నియమమే దీనికి మూలము. విచిత్రమేమనగా, ఆ బాయిలుకడ కొంతకాలము సహాయకుడుగా నుండిన డెనిస్ పాపిన్ అను ఫ్రెంచివాడే 1679లో నేటి ప్రెషర్ కుక్కరుకు పూర్వజమైన పాత్రను నిర్మించి, అది పగులకుండుటకై సేఫ్టీ వాల్వును గూడ కనిపెట్టినాడు. బుడగను అణచు నియమమును, పాత్రను కాచు కవాటమును ఒక్క పరిశోధనశాల నీడలో పెరిగినవే. మన యువకులు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని మరచుచున్నారు.

చవుకదారి వెదకువారి చూపు మొట్టమొదట వంటింటిమీద పడును. నా చూపును పడినది. "కుక్కరు మీరు పట్టుకుపోతే ఇవాళ పప్పు లేదు, చారే. తరవాత మీ ఇష్టం" అని మా ఇంటావిడ అడ్డుపడి యుండనిచో నేనును ఆ పని చేసియుందును. ఆమె పప్పుకొరకు వారించినదిగాని, కారణము అంతకంటె లోతైనది. మన కుక్కరు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో ఒత్తిడికి చేయబడినది. అంతకు మించగానే వెయిటు లేచి ఈల వేయును. అంత కొద్ది ఒత్తిడి పోతకు చాలదు గనుక, ఆ వెయిటు స్థానమున బిరడా బిగించి, మూతకు కన్నము తొలిచి, గాలిగొట్టము తగిలింతురు. పోనీ, ప్రమాదము వచ్చిన రక్షించుటకు రెండవ కాపలాగా సేఫ్టీ వాల్వు కలదు కదా యందురు. కలదు, కాని పెక్కు కుక్కరులలో అది సులభముగా కరగు లోహపు బిళ్ల. నీరు ఇగిరి పాత్ర మితిమీరి వేడెక్కినపుడు కరగి ఆవిరికి దారి యిచ్చుట దాని ధర్మము. దానికి వేడి తెలియునుగాని ఒత్తిడి తెలియదు. కంప్రెసరునుండి వచ్చు గాలి గది వేడిమికి మించి యెంతో యుండదు; కావున ఒత్తిడి ఎంత పెరిగినను ఆ బిళ్ల చల్లగా, నిశ్చింతగా కూర్చుండును. మొదటి కాపలావానిని మనమే కట్టివేసితిమి. రెండవవాడు నిప్పును గూర్చి తప్ప కేక వేయడు.

రెండవ చవుకదారి బోరుబావి పైపు. దానిమీద ఆరు కిలోలని ముద్ర వేసియుండును గనుక నాలుగు కిలోల గాలికి వెరపేమని వాదించువారిని చూచితిని. ఆ ముద్ర నీటికొరకు వేసినది. నీరు నొక్కిన నొక్కుకొను వస్తువు కాదు. పైపు పగిలినచో చిమ్ముకొని ఊరకుండును. గాలి అట్లు కాదు. అది నొక్కిపెట్టిన స్ప్రింగు. పైపు చీలిన క్షణమున అది విప్పుకొనుచు పీవీసీ పెంకులను కత్తులవలె విసరును. పొలములో పనిచేసిన పైపు బల్లమీద పనిచేయునను నమ్మకమునకు ఆధారము లేదు.

ఇక మూడవది, ఒక్కటే సమంజసమైనది, స్ప్రేరంగు వేయువారు వాడు పది లీటర్ల ప్రెషర్ ట్యాంకు. గాలి ఒత్తిడికొరకే పుట్టినది. మూతకు చుట్టును మరలు, గేజి, రెగ్యులేటరు, సేఫ్టీ వాల్వు దానితోడనే వచ్చును. రంగును పైకి తీయు గొట్టమును ఊడదీసి, ఆ రంధ్రమును లోహపు బిరడాతో మూసి, గాలి వదలుటకు ఒక బాల్ వాల్వు పెట్టి, ఆ బిరడా, వాల్వుల మరలకు టెఫ్లాన్ టేపు చుట్టినచో పని ముగిసినట్లే. పాత్రకు కొత్త కన్నము ఒక్కటియు పొడువరాదు.

నేను కొన్నది పాత ట్యాంకు. అమ్మినవానిని దీని గరిష్ఠపు ఒత్తిడి యెంతయని యడిగితిని. "ఎంతైనా తట్టుకుంటుంది సార్, పాతకాలం సరుకు" అనెను. దానిమీద నుండవలసిన రేకుబిళ్ల ఊడిపోయి, నాలుగు రివిట్ల గుర్తులు మాత్రము మిగిలియుండెను. ఇంటికి తెచ్చిన పిమ్మట చూడగా మూత అంచున రబ్బరు ఒకచోట చిట్లియున్నది. ఒక మర చెవి దగ్గర వెంట్రుకవాసి బీట కూడ కనబడినది. వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోగా, అచ్చటి కుర్రవాడు ఆ బీటను అతికి, కొత్త రబ్బరు వేసి, మరలన్నియు బలముకొలది బిగించి, చేతులు తుడుచుకొనుచు సంతృప్తితో అనిన మాట నాకు మరపునకు రాదు.

"ఇంక భయం లేదు మాస్టారూ. దీనిమీద ఏనుగెక్కినా ఊడదండి."

"ఏనుగు పైనుంచి ఎక్కదోయ్. లోపలినుంచి తంతుంది."

"డబ్బాలో ఏనుగెందుకుంటదండీ?" అని నవ్వెను.

అక్కడ పడియున్న రేకుముక్కమీద సుద్దతో లెక్క వేసితిని. మూత వెడల్పు ఇరువదియైదు సెంటీమీటర్లు, అనగా జానెడుకు కొంచెము మీరినది. దాని వైశాల్యము సుమారు నాలుగువందల తొంబది చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుమీద నాలుగు కిలోలైనచో మూతను పైకి నెట్టు బలము దాదాపు రెండు టన్నులు; పడుచు ఏనుగు బరువు. మరలు ఆరు, ఒక్కొక్క మరకు మూడువందల కిలోలకు పైమాటే. లోపల చిక్కుకొన్న గాలి ఒక్కసారిగా విప్పుకొన్నచో, ఏబది కిలోల బియ్యపుబస్తాను మూడంతస్తుల మేడమీదికి ఎగురవేయ చాలినంత శక్తి యందు కలదు. కుర్రవాడు ఆ అంకెలను చూచి, తాను అతికిన చెవివైపు చూచి, కొంతసేపు మాటాడలేదు. "అయితే ఈ మూత మార్చేద్దామండి" అని మాత్రము అనెను. మార్చితిమి. అతికిన చెవిని నమ్మి యుందుననుట నాకు సిగ్గుగా నున్నను దాచను. అతడు మార్చుదమనువరకు నా లెక్క నాకే వినోదముగా నుండెను.

కొత్త మూత పెట్టిన పిమ్మట కూడ వెంటనే గాలి నింపలేదు. పాత్రనిండ నీరు పోసి, లోపల గాలి మిగులకుండ జూచి, కుళాయిపనివారు గొట్టములను పరీక్షించు చేతిపంపుతో, వాడదలచిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెంచి అరగంట నిలిపితిమి. నీటితో పరీక్షించుటలోని సౌలభ్యమిదే: పాత్ర ఓడినను కాలిమీద నీరు పడునుగాని మూత పడదు. ఆపైన గాలి నింపి, సబ్బునీరు మూత అంచున పూసినపుడు, ఒక మర దాపున నెమ్మదిగా ఒక నురుగుపువ్వు పూచి, విరిసి, రాలినది. ఎదురెదురు మరలను వంతులుగా బిగించగా ఆగిపోయినది.

ఇప్పుడు నా అసలు వాదమునకు వచ్చెదను. ఈ విద్యలో సాధారణముగా నలుబదినుండి అరువది పీఎస్‌ఐవరకు, మన కొలతలో రమారమి రెండున్నర మూడు కిలోలనుండి నాలుగు కిలోలకు పైగా, వాడుచుందురు. ఎక్కువైన కొలది మేలను భావము వ్యాపించి, కొత్తవారందరును పై అంకెనే పట్టుకొనుచున్నారు. కొంచెము లెక్క చూడుడు. వాతావరణపు ఒత్తిడిని గూడ కలుపుకొన్నచో, గేజిమీద నాలుగు కిలోలనగా బుడగమీద ఐదురెట్లు. దాని ఘనపరిమాణము ఐదవవంతగును. కాని కంటికి కనబడునది ఘనపరిమాణము కాదు, వ్యాసము. ఐదవవంతైన బుడగ వ్యాసము ఐదవవంతు కాదు. ఘనమూలము ప్రకారము మొదటిదానిలో నూటికి ఏబదియెనిమిది పాళ్లు మిగులును. గేజిమీద రెండున్నర కిలోలే యున్నచో అరువదియారు పాళ్లు మిగులును. ఒక మిల్లీమీటరు బుడగ విషయమున ఆ రెంటికి నడుమ తేడా మిల్లీమీటరులో పండ్రెండవ వంతునకు మించదు. ఒత్తిడి హెచ్చినకొలది గాలి ద్రవములో మరికొంత కరగుననుట నిజమే. ఆ లాభమును కాదనను. దానికై చెల్లించు మూల్యమో? మూతమీది భారము పండ్రెండువందల కిలోలనుండి రెండువేల కిలోల దరికి పెరుగును. బుడగ తగ్గుట ఘనమూలపు మెట్లమీద కుంటుచు నడచును. మూతమీది భారము గేజిముల్లుతో సమానముగా పరుగెత్తును.

కావున చవుకతనమును కోరువారు తక్కువ పాత్రతో ఎక్కువ ఒత్తిడిని ఆశించుట విపరీతము. మంచి పాత్రతో తక్కువ ఒత్తిడికి తృప్తిపడుట సరియైన మితవ్యయము. ఆ తక్కువ ఒత్తిడికి లోపించినదానిని పైసా ఖర్చులేని ఓర్పుతో పూరింపవచ్చును. రెసినును గోరువెచ్చని నీటిలో నిలిపి పలుచబరచుట, పుల్లను గిన్నె అడుగు విడువకుండ మెల్లగా త్రిప్పుట, అచ్చులోనికి సన్నని ధారగా ఒక మూలనుండి పోయుట, త్వరగా గట్టిపడు రకమునకు మారుగా నిదానముగా గట్టిపడు ఎపాక్సీని ఎంచుకొనుట, ఇవన్నియు కంప్రెసరు చేయవలసిన పనిలో సగము ముందే చేసిపెట్టును. కంప్రెసరు విషయమునను మనవారు దుబారా చేయుచున్నారు. ఈ పాత్ర గాలిని తినివేయదు, ఒక్కసారి నింపుకొని ఊరకుండును. పది లీటర్ల పాత్రను రెండున్నర కిలోలకు నింపుటకు మామూలు గాలి ఇరువదియైదు లీటర్లు చాలును. లారీచక్రములకు గాలికొట్టు యంత్రము దీనికి వలదు. కారుటైరునకు కొట్టు చేతియంత్రమైనను సరిపోవును. అక్కడ మిగిల్చిన సొమ్మును మూతమీద పెట్టవలయును.

మరియొక ఉపాయము చెప్పెదను. దీనికి వ్యయము సున్న. ఒక్కొక్క కడ్డీకి పట్టు రెసిన్ ఏబది గ్రాముల మాట. నాలుగైదు కడ్డీల అచ్చు పాత్రలో ఒక మూలకు వచ్చును. మిగిలిన చోటంతయు గాలియే, ఆ గాలియే అపాయము. కావున అడుగున నల్లరాతి ముక్కలు పేర్చి సగము చోటు నింపుదును. రెండున్నర కిలోల ఒత్తిడిలో, సగము పాత్రలో మిగిలిన గాలి విప్పుకొన్నను, ఆ బియ్యపుబస్తా ఇంటి అటకవరకే లేచును. మేడనుండి అటకకు దిగివచ్చుట చిన్న విషయము కాదు.

రెసినుల సంగతి త్వరగా చెప్పి విడిచెదను. పాలీయూరెథేను తొందరగా గట్టిపడి మనసును ఆకర్షించునుగాని, దానికి తేమ పడదు. తేమ సోకగానే లోపల బొగ్గుపులుసు వాయువు పుట్టి నురుగులు కట్టును. శ్రావణ భాద్రపదములలో గోదావరి గట్టున దానిని పోయుట, ముఖ్యముగా సరిగా ఆరని కర్రముక్కలతో కలిపి పోయుట, బుడగలను ఆహ్వానించి పిమ్మట వానితో యుద్ధము చేయుట. మా తీరమున ఎపాక్సీయే మేలు. వేసవిలో అది గిన్నెలోనే వేడెక్కి పొగలు చిమ్ముటయు కలదు గనుక కొద్దికొద్దిగా, తెల్లవారుజామున కలుపుకొనవలయును. సిలికోను అచ్చులను స్వయముగా చేసికొనువారు వానిని గూడ అదే ఒత్తిడిలో చేసికొనవలయును. లేనిచో అచ్చులోని బుడగలు పాత్రలో ముడుచుకొని, కడ్డీమీద మొటిమలు లేచును.

ఇది గృహవినోదము కదా, పత్రికలో చర్చింపదగినదా యని కొందరు అడుగవచ్చును. వేయి లీటర్లకు మించిన వాయుపాత్రలకు 2016నాటి కేంద్రనియమములు కలవు. ఒక కిలో ఒత్తిడికి మించని వంటింటి కుక్కరుకు ఐఎస్ఐ ముద్ర ఉండితీరవలెనని 2020లో కేంద్రప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఈ రెండును నడుమనున్న పది లీటర్ల, నాలుగు కిలోల పాత్రను తాకవు. పప్పు ఉడుకు గిన్నెకు అమ్మువాడు జవాబుదారి. దానికి నాలుగింతల ఒత్తిడిని మోయు పాత్రను "పాతకాలం సరుకు" అని చెప్పి అమ్మివేయవచ్చును. పెద్ద చట్టములు, తనిఖీదారులు వలెనని నేను కోరుట లేదు. తనిఖీదారు వచ్చిన ఇండ్లలో ముచ్చటలు బ్రతుకవు. అమ్మబడు ప్రతి పాత్రమీదను, కొత్తదైనను పాతదైనను, ఎంత ఒత్తిడికి వాడదగినది, ఎంతకు పరీక్షింపబడినది, ఏ సంవత్సరమున చేయబడినది అను మూడు అంకెలు చెక్కియుండవలెనని, అవి లేనిదానిని ఒత్తిడిపాత్ర యను పేరుతో అమ్మరాదని మాత్రము కోరుచున్నాను. చెక్కుట యనగా చెక్కుటయే; రివిట్లతో తగిలించిన బిళ్ల యొక్క గతి నా ట్యాంకుమీద చూచితిని.

మొదటి పోత నాడు సాయంకాలము ఆరుగంటలకు మూత బిగించి, గేజిముల్లు రెండున్నరమీద నిలిపి, పాత్రను గోడవారగా, మనుష్యులు తిరుగని మూలకు జరిపితిని. తెల్లవారి చూడగా ముల్లు వెంట్రుకవాసి క్రిందికి దిగియున్నది. బాల్ వాల్వును కొంచెముకొంచెముగా త్రిప్పి గాలిని వదలితిని. బుసబుసలు తగ్గి, ముల్లు సున్నకు వచ్చిన పిమ్మటను వాల్వును తెరచియే యుంచి, కాఫీ త్రాగివచ్చి, అప్పుడు మరలు విప్పితిని. గేజి సున్న చూపుటయు, లోపల సున్నయగుటయు ఎల్లవేళల ఒకటి కాదు.

ఆ కడ్డీతో చేసిన కలమును వెల్డింగు దుకాణమునకు తీసికొనిపోయితిని. కుర్రవాడు దానిని వెలుతురునకు పట్టి, ఇటునటు త్రిప్పి, "ఒక్క బుడగ లేదండీ మాస్టారూ!" అని మెచ్చుకొని, చొక్కాజేబునకు తగిలించి చూచుకొనెను. నీవే యుంచుకొమ్మంటిని. క్లిప్పు క్రింద ఒకటి కలదు, ఆవగింజలో సగము. అతనికి చెప్పలేదు.